లోపల గడియ ఉన్న బండి

ఖాలా పోయిన నలభయ్యో రోజు భోజనాలకు వెళ్లాను. బగారా అన్నం, దాల్చా పెట్టారు. దాల్చా బాగా కుదిరింది కాబట్టి అందరూ పోయినామె గురించి మంచి మాటలే చెప్పుకుంటున్నారు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకరు, ఆమె అత్తగారి వైపు చుట్టమట, గడ్డం మీది మెతుకు దులుపుకుంటూ పరదా అంటే ఆమెదేనన్నాడు. ఇన్నేళ్లలో పెళ్లికని గానీ దావత్‌కని గానీ ఆమె గడప దాటలేదని, అలాంటి ఆడవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారని మెచ్చుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను ఇంకొంచెం దాల్చా వేయించుకున్నాను.

ఖాలా గడప దాటకపోవడానికి కారణం పరదా కాదు. అసలు కారణం చెబితే ఆ పెద్దాయన దాల్చా మధ్యలో వదిలేసి లేచిపోయేవాడు. దాల్చా పాడుచేయడం ఎందుకని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ చెబుతున్నాను. ఆమె ఉంటే ఇది రాసినందుకు పైనుంచి నా నెత్తిన పాన్‌దాన్ వేసేది. అందుకే పేరు రాయడం లేదు. ఖాలా అంటే అమ్మకు అక్కో చెల్లెలో. మా గల్లీలో ఆమె ఎవరికీ సొంత ఖాలా కాదు, అందరికీ ఖాలాయే.

మొఘల్‌పురాలో మా సీటు కవర్ల దుకాణం ఆమె కిటికీ కిందనే. ఏడో తరగతిలో లెక్కల సారు, నేను ఒకరినొకరం భరించలేక విడిపోయాం. అప్పటినుంచి నేను ఆ కిటికీ కింద కూర్చుని రెగ్జిన్ కుడుతూనే ఉన్నాను. ఖాలాను నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. కిటికీకి చిక్, అంటే వెదురు పుల్లల తెర, వేలాడేది. చిక్ వెనక నుంచి మాట వచ్చేది, చిక్ కింద నుంచి తాడు కట్టిన బుట్ట దిగేది. కూరగాయల బండివాడు టమాటాలు వేస్తే బుట్ట పైకి పోయేది. కాసేపటికి మళ్లీ దిగేది, అందులో ఒకే ఒక్క పుచ్చు టమాటా. వెనకే మాట. "నీ టమాట నీకు ముబారక్." బండివాడు మారు మాట్లాడకుండా వేరేది వేసేవాడు.

నన్ను దర్జీసాబ్ అనేది, వెటకారంగా. నేనూ తక్కువ తినలేదు. చార్మినార్ ఉన్నచోటే ఉందో లేదో ఒకసారి కిందికి దిగి చూసిరమ్మనేవాణ్ని. ఉండకుంటే ముందు నువ్వే అరుస్తవు గదా, నాకెందుకు ఫికర్ అనేది.

గల్లీలో ఎవరు పెళ్లికి వెళ్లొచ్చినా ఆ కిటికీ కింద నిలబడి మొత్తం అప్పజెప్పాల్సిందే. బాగా జరిగింది అంటే ఒప్పుకునేది కాదు. పెళ్లికూతురు నవ్విందా, ఎవరు ఎవరితో లొల్లి పెట్టుకున్నారు, మీఠా ముందు ఎవరికి అయిపోయింది, అన్నీ కావాలి. చివరికి ఒక ప్రశ్న తప్పకుండా వేసేది. ఆడవాళ్ల గుసల్‌ఖానా ఎక్కడుంది, మెట్లెక్కాలా, లోపల కింద కూర్చునేదా కుర్చీ లాంటిదా. ఫంక్షన్ హాల్ కట్టిస్తున్నావా ఖాలా అని నేను నవ్వేవాణ్ని. అవును, వాచ్‌మెన్ నౌకరీ నీకే అనేది.

తను మాత్రం ఎక్కడికీ వెళ్లేది కాదు. సాకులు సిద్ధంగా ఉండేవి. మోకాలు లేవట్లేదు. తల తిరుగుతోంది. మేకను ఎవరు చూస్తారు. ఆ మేక ఒక బక్రీద్‌కు వెళ్లిపోయింది, సాకు మాత్రం ఇంకా ఏళ్లపాటు బతికింది. నా పెళ్లి బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర హాల్లో అయింది. దానికీ రాలేదు. మర్నాడు కొత్త పెళ్లాంతో కిటికీ కింద నిలబడి అలిగాను. బుట్ట దిగింది. అందులో గిన్నెడు ఖుబానీ మీఠా, మా ఆవిడకు గాజులు. చిక్ వెనక మాటేమీ లేదు. ఖాలా మాట్లాడకపోవడం నేను అదే మొదటిసారి వినడం.

సంగతి నాకు మా ఆవిడ చెప్పింది. పైకి వెళ్లి ఖాలాకు జడ వేయడం అలవాటైన తర్వాత, ఒకరోజు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. మూడో కాన్పు చెడిపోయినప్పటి నుంచి ఖాలా మూత్రం ఆపుకోలేకపోతోంది. వచ్చిందంటే అప్పుడే వెళ్లాలి. మోకాళ్లు వంగవు కాబట్టి కింద కూర్చునే దొడ్డిలో కుదరదు. ఆస్పత్రికి పోవాల్సి వస్తే ముందురోజు నుంచే నీళ్లు మానేస్తుంది. ఒకసారి ఏదో పెళ్లిలో మెట్లెక్కలేక అందరిముందు ఏదో జరిగిందట, ఆ తర్వాత మళ్లీ ఏ పెళ్లికీ గడప దాటలేదట. ఇది ఆ ఇంటి కోడలికి తెలుసు, పనిమనిషికి తెలుసు, గల్లీలో ఆడవాళ్లందరికీ తెలుసు. తెలియనిది మగవాళ్లకే. మేం మాత్రం ఆమె మోకాళ్లకు నూనెలు తెచ్చిస్తూ ఉండేవాళ్లం.

ఖాలాకు ఒక్కతే చెల్లెలు. ఇద్దరూ నల్గొండలో పుట్టారు. చెల్లెలిని బందరుకు ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక ఫోన్లో మాట్లాడుకునేవారు, లౌడ్‌స్పీకర్‌లో. ప్రేమొస్తే ఉర్దూ, కోపమొస్తే తెలుగు. సగం రోజులు తెలుగే వినపడేది. ఎన్నో ఏళ్లుగా ఒకరినొకరు చూసుకోలేదు. నువ్వు రా అంటే నువ్వు రా. చెల్లెలు చెప్పే సాకులు కూడా మాకు కిందికి వినపడేవి. ఇల్లు ఎవరు చూస్తారు, తల తిరుగుతోంది. వంశంలోనే సాకులున్నాయి అని నేను నవ్వుకునేవాణ్ని.

ఖాలా కొడుకు ఖాదర్ భాయ్‌కి బహదూర్‌పురా వైపు షెడ్డు ఉంది. స్కూలు వ్యాన్లకు, అంబులెన్సులకు బాడీ కడతాడు. ఫోన్లో ఎవరో దేశంకాని దేశంలో ఇల్లులాంటి బండిలో సముద్రాల వెంట తిరగడం చూసి ఆయనకు షోకు పుట్టింది. పాత అంబులెన్సు ఒకటి దొరికితే దాన్ని అలా మార్చి కిరాయికి తిప్పుదామనుకున్నాడు. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ కాగితం మీద గీశాడు. అప్పుడు భార్య పక్కన కూర్చుని, ముందు అమ్మీ కోసం గది గీయమని చెప్పి, ఎందుకో చెప్పింది. ఆయన ఆ పూట షెడ్డుకు రాలేదు. మర్నాడు వచ్చి గీసిన కాగితం చింపేసి, మొదట కమోడ్ గది కట్టాడు. రెండువైపులా పట్టుకునే రాడ్లు, లోపల గట్టి గడియ. మిగతా బండి దాని చుట్టూ కట్టాడు. సీట్లు, పరదాలు నావి. మంచం పక్కన కిటికీ పడుకున్నా బయట కనపడేంత కిందికి పెట్టమన్నాను. హైదరాబాద్ వాళ్లం కాబట్టి కూలర్ లేకుండా ఇల్లేమిటని బండి టాపు మీద వట్టివేళ్ల కూలర్ ఒకటి బిగించాం.

ఖాలాను బండి చూడ్డానికి దింపారు. మెట్లమీద గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తిడుతూ దిగింది. లోపలికి వెళ్లి మంచం చూడలేదు, నా పరదాలు చూడలేదు. నేరుగా ఆ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. చాలాసేపు రాలేదు. ఖాదర్ భాయ్ తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. బయటికొచ్చి అంది, "నడిచేటప్పుడు గూడ పనిచేస్తదా?" చేస్తుందన్నాడు. "అయితే బందరు పోదాం."

పిల్లలు సముద్రం అన్నారు. బందరు దగ్గర ఒడ్డున సరుగుడు తోటలో ఒకాయన ఇలాంటి బండ్లకు, గుడారాలకు చోటిస్తాడని తెలిసింది. నీళ్ల కుళాయి, కరెంటు అక్కడే ఉంటాయి. ఖాదర్ భాయ్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, ఖాలా, మేమిద్దరం. మమ్మల్నెందుకు అంటే దర్జీసాబ్ లేకుంటే దారిపొడుగునా ఎవర్ని తిట్టాలి అందట ఖాలా.

చౌటుప్పల్ దాటేలోగా అవసరం ఉన్నా లేకున్నా ఆ గదిలోకి వెళ్తూ వస్తూ ఉంది. గడియ పడిన చప్పుడు, తీసిన చప్పుడు. ఖాలా, అరుగుతుంది అన్నాను. నీ నోరే అరగలే, ఇనుపది అరుగుతదా అంది. సూర్యాపేట దగ్గర చాయ్ కోసం ఆగాం. ఎప్పటిలా ఆమెను ఎవరూ అడగలేదు. పరదా వెనక నుంచి చెయ్యి వచ్చింది. "నాకేది?" అంది. కోడలు, మా ఆవిడ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఖాలా రోడ్డు మీద చాయ్ తాగింది, మొత్తం గ్లాసు. బాగాలేదంది. ఇంకొకటి తెమ్మంది.

సముద్రం దగ్గరికి వెళ్లగానే పెద్ద బటన్ నొక్కి కూలర్ వేశాం. మా ఊళ్లో అయితే కాసేపటికి బండి కాశ్మీర్ అవుతుంది. అక్కడ గోడలు చెమటలు పట్టాయి, దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి, నా మఖమల్ పరదాలు తడిబట్టల్లా వేలాడాయి. తోటాయన వచ్చి చూసి, ఆ పెట్టెలో నీళ్లు పోస్తున్నాం అంటే నమ్మలేదు. "ఇక్కడ గాలే నీళ్లండీ. మళ్లీ నీళ్లు పోసి గాలి తీస్తారేంటి?" అన్నాడు. ఖాలా కొడుకును చూసి, నువ్వే నవాబ్‌వి బేటా, సముద్రానికి నీళ్లు తెచ్చినవు అంది.

అసలు కష్టం ఆ కూలర్ వల్ల మర్నాడు వచ్చింది. చెల్లెలి ఇల్లు బందరులో ఒక సందు చివర ఉంది. సందు వెడల్పే గానీ కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. టాపు మీద కూలర్ పెట్టుకుని లోపలికి పోతే మేమందరం ఒకేసారి జన్నత్‌కు పోతాం. బండి సందు మొదట్లో ఆగిపోయింది. చెల్లెలి ఇల్లు అక్కడికి కనపడుతోంది, పచ్చ తలుపు.

ఇంటివాళ్లు పరుగున వచ్చారు. ఖాలాను ఇంట్లోకి రమ్మన్నారు. ఇల్లెలా ఉందో చూసి రమ్మని ఖాలా ముందు కోడల్ని పంపింది. దొడ్డి పెరట్లో, కింద కూర్చునేది, ఎక్కడానికి మెట్లు. ఖాలా మోకాలు లేవట్లేదంది, చెల్లెలినే రమ్మంది. అటునుంచి కబురొచ్చింది. తల తిరుగుతోందట, ఆపానే, అంటే అక్కనే, రమ్మందట. ఇటునుంచి పిల్లలు వెళ్లారు, అటునుంచి మనవళ్లు వచ్చారు. ఇన్నేళ్ల తర్వాత ఇంత దూరం వచ్చి, ఆఖరి నాలుగు అడుగులు ఎవరు వేయాలన్న దగ్గర అక్కచెల్లెళ్లు పంతం పట్టారని సందులో జనం అనుకుంటున్నారు. పాత పగ ఏదో ఉందని ఒకరు నాకే చెప్పారు. ఖాదర్ భాయ్ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎండ ముదురుతోంది, వెనక్కి తిప్పుదామా అన్నాడు.

ఖాలా పరదా సందులోంచి పచ్చ తలుపునే చూస్తోంది. తలుపు చాటున ఒక మనిషి నిలబడి ఉంది. సగం బయటికి వస్తోంది, మళ్లీ లోపలికి పోతోంది. ఖాలా అలా చాలాసేపు చూసింది. తర్వాత మా ఆవిడను పిలిచింది.

"బేటీ, నువ్వు పో. మగోళ్లెవరూ వద్దు. దాని చెవుల చెప్పు. బండిల గది ఉన్నది, కుర్చీ లెక్క ఉన్నది, లోపల గడియ ఉన్నది. నేను దార్లంత వాడిన అని చెప్పు."

మా ఆవిడ వెళ్లింది. తలుపు చాటున తల వంచి చెవిలో చెప్పడం నాకు ఇక్కడినుంచి కనిపించింది. ఆ ముసలామె బుర్ఖా వేసుకోవడానికి పట్టిన వ్యవధిలో నేను సూదిలో దారం కూడా ఎక్కించలేను. తల తిరిగే మనిషి, ఇల్లు వదలలేని మనిషి, మనవడి చెయ్యి వదిలించుకుని సందులో గబగబా నడిచి వచ్చింది. బండెక్కింది. అక్కకు సలాం చెప్పలేదు, కౌగిలించుకోలేదు. ముందు ఆ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఖాలా లేచి ఆ తలుపుకు అరచెయ్యి ఆనించి నిలబడింది, ఎవరైనా వచ్చి తోస్తారేమోనన్నట్టు. మేం మగవాళ్లం కిందికి దిగి తీగల గురించి మాట్లాడుకున్నాం.

"నీకు గూడనా?" అని ఖాలా అడగడం వినపడింది. తలుపు తీశాక చెల్లెలు ఏమందో వినపడలేదు. తర్వాత ఏడ్చారు. తర్వాత, ఇన్నేండ్లు ఫోన్ల ఒక్క మాట చెప్పకపోతివి అని ఖాలా తెలుగులో తిట్టడం మొదలుపెట్టింది. మీరు మాత్రం చెప్పారేంటి ఆపా అని చెల్లెలు బందరు తెలుగులో తిరగబడింది. మేం బండి తిప్పి సముద్రం దగ్గరికి తీసుకెళ్లాం.

ఆ రోజు వాళ్లు చేసిందేమిటో చెప్తాను. నీళ్లు తాగారు. చెల్లెలు గ్లాసు అడిగింది, ఖాలా ఇంకో గ్లాసు అడిగింది. మాకు కల్లు కాంపౌండ్‌లో కూడా అంత ఇష్టంగా తాగేవాళ్లు కనపడరు. తర్వాత కొబ్బరి బోండాలు. తర్వాత మళ్లీ నీళ్లు. భోజనం అయ్యాక ఆ తడి మంచం మీద ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నిద్రపోయారు. ఇంత దూరం తెచ్చింది నిద్రపోవడానికా అని ఖాదర్ భాయ్ గొణిగితే ఆయన భార్య నోరు మూయించింది. కిందికి పెట్టిన ఆ కిటికీలో సముద్రం మొత్తం కనిపిస్తూనే ఉంది. దాన్ని చూసినవాళ్లు లేరు. పొద్దు వాలేదాకా పడుకున్నారు. సాయంత్రం చెల్లెలిని సందు మొదట్లో దింపితే, మళ్లీ వచ్చేటప్పుడు కూలర్ పీకేసి రండి, ఇంటిదాకా వద్దురుగాని అంది.

మేం కూలర్ పీకేశాం. మళ్లీ వెళ్లడం పడలేదు. బండికి గిరాకీ పెరిగింది. కుటుంబాలు వరస కట్టాయి, వాళ్లలో ముసలివాళ్లున్న ఇళ్లే ఎక్కువ. వానాకాలం పోయాక వెళ్దామనుకున్నాం.

వానాకాలంలోనే ఒక తెల్లవారి బందరు నుంచి ఫోనొచ్చింది. చెల్లెలు నిద్రలో పోయింది. ఆఖరి చూపుకు ఆపాను తోలుకురమ్మని, మగ్రిబ్ దాకా, పొద్దు గూకేదాకా, ఆపుతామని చెప్పారు. బండి ఊళ్లో లేదు. ఎవరినో తీసుకుని ఖాదర్ భాయ్ గోకర్ణం వైపు వెళ్లాడు. ఫోను అందగానే వెనక్కి తిప్పాడు గానీ మధ్యలో ఒక పగలు, ఒక రాత్రి దూరం ఉంది.

ఖాలా అప్పటికే బుర్ఖా వేసుకుని ఉంది. కారు పిలవమంది. దారిలో ప్రతి పెట్రోల్ బంకు దగ్గరా ఆపుతామని మా ఆవిడ, కోడలు ధైర్యం చెప్పారు. రాత్రి నుంచి ఆమె గుక్కెడు కూడా తాగలేదట, ఏం కాదంది. గల్లీ చివర ట్రావెల్స్ అన్న కారు తెచ్చాడు. నేను ముందు కూర్చున్నాను, వాళ్లు ముగ్గురూ వెనక. ఖాలా నాతో ఒక్క పరాచికం ఆడలేదు. చెయ్యి నా సీటు వెనక గట్టిగా పట్టుకుని ఉంది. ఆ బిగింపు నా వీపుకు తెలుస్తోంది.

కంచన్‌బాగ్ కూడా దాటలేదు, ఇంకా ఊళ్లోనే ఉన్నాం. భుజం మీద చెయ్యి పడింది.

"దర్జీసాబ్, బండి తిప్పు."

అద్దంలోకి చూడబోయి ఆగాను. డ్రైవర్ అన్న వెనక్కి తల తిప్పుతూ ఏమైంది, ఏమన్నా మర్చిపోయిన్రా అన్నాడు. "అవునన్నా, నేనే మర్చిపోయిన, ముందు చూడు, లారీ," అన్నాను. లారీ ఏమీ లేదు. ఇంటిదాకా నేను నోరు మూయలేదు. మా లెక్కల సారు గురించి, దొంగ రెగ్జిన్ గురించి, నోటికొచ్చిందల్లా గట్టిగా చెప్పి నవ్వాను, వెనకనుంచి ఏ చప్పుడూ అతనికి వినపడకుండా. మెట్లెక్కుతున్నప్పుడు కోడలు తన చున్నీ విప్పి ఖాలా చుట్టూ కప్పింది. ఆ సాయంత్రం ఆ కారు సీటు కవరు మార్చేశాను. చాయ్ ఒలకబోశానని చెప్తే, ఇంత పెద్ద మనిషివి నీకు గ్లాసు పట్టుకోవడం రాదా అని అతను నవ్వాడు.

మధ్యాహ్నం ఖాలా బందరుకు ఫోన్ చేసింది. ఆ కిటికీ కింద కుట్టుమిషన్ ఆపి కూర్చున్నాను. నా కోసం ఆపకండ్రి, తీస్కపోండ్రి, మోకాలు లేస్తలేదు అంది. అవతల ఎవరో మగగొంతు, సరే, సొంత అక్కకే రావాలని లేకపోతే మేమేం చేస్తాం అని పెట్టేసింది. ఖాలా మాటకు అర్థమేమిటో ఆ ఇంట్లో తెలుసుకోగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమెను అప్పటికి తెల్లగుడ్డలో చుట్టారు.

ఖాదర్ భాయ్ మర్నాడు వచ్చాడు. బండిని గల్లీలో ఆపి, కళ్లు ఎర్రగా, చొక్కా వీపుకు అతుక్కుపోయి, మెట్ల దగ్గరే కూలబడ్డాడు. ఖాలా తనే దిగివచ్చింది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి, రోడ్డు మీద ఏమన్నా తిన్నవా అంది. అతను ఏడుస్తూ, ఇప్పుడైనా పోదాం అమ్మీ, మట్టిచ్చిన కబరైనా చూస్తువు, నడు, ఇక బండి ఎవరికీ కిరాయికి ఇయ్యను అన్నాడు. ఆమె బండెక్కి మంచం మీద కూర్చుంది. నేను దుకాణంలోంచి చూస్తున్నాను. కిటికీలో ఆమె ముఖం, ఎదురుగా మా గల్లీ గోడ. సాయంత్రం అసర్ అజాన్ అయ్యేదాకా అలా గోడను చూస్తూ కూర్చుంది. తర్వాత రాడ్లు పట్టుకుని దిగింది.

"కిరాయికి ఇచ్చుకో బేటా," అంది. "నాకిప్పుడు పోవాల్సిన ఊరు లేదు."